పత్తి ఏరే నెలల మోకాలి ఆపరేషన్

23 రోజుల సంది పేజీల ఏం రాయలే. పత్తి రేటు అడిగినోళ్లకు జవాబు కూడా ఇయ్యలే. మా ఇంటామె చేనుకాడ ఒడ్డు మీదికెల్లి జారి పడ్డది. ఎడమ మోకాలి కింద ఎముక పగిలింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఇంట్లనే ఉన్నది. దవాఖాన పని, చేను పని ఒక్కసారే మీద పడితే ఎట్ల సర్దుకున్నమో రాస్తున్న. ఎవలికన్న అక్కరకొస్తది.

మా రామకృష్ణాపూర్‌ల సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉన్నది. అది కంపెనీ కార్మికులకు, వాళ్ల ఇంటోళ్లకు. గని నౌకరీ లేని మాలాంటి రైతులకు ఆరోగ్యశ్రీనే దిక్కు. మంచిర్యాలల కట్టు కట్టి, పగులు కీలు దాకా పోయింది, ప్లేటు వెయ్యాలె, హైదరాబాద్ తీస్కపొమ్మన్నరు. దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు. రైల్ల కాలు చాపుకునే జాగ దొరకదని కారు మాట్లాడుకొని, కాలు కింద మెత్తలు పెట్టి, రాజీవ్ రహదారి మీద తీస్కపోయిన.

అక్కడ డాక్టరు ఒక మాట చెప్పిండు. వాపు మీద కోస్తే గాయం మానదు, చీము పట్టొచ్చు, అందుకే వాపు దిగినంకనే ఆపరేషన్. వారమైతదో, పది రోజులైతదో. తారీఖు మన చేతుల లేదని అర్థమైనంక, పనులను రెండు కుప్పలు చేసిన: ఆగేటివి, ఆగనివి.

బర్రె ఆగదు. తమ్ముని ఇంటికి తోలిచ్చిన, పాలు వాళ్లనే వాడుకొమ్మన్న. ఖర్చులకు అమ్ముదామా అని అడిగితే, "గా బర్రెను అమ్మితే ఈ కట్టుతోనే లేచి ఇంటికొస్త" అన్నది మా ఆమె. ఆ ముచ్చట అక్కడికే ఆపిన.

పగిలిన పత్తి కూడా ఆగదు, వాన పడితే నల్లవడ్తది. నాలుగెకరాల్ల రెండో ఏరుడు సగం మిగిలింది. మేం ఎవలి చేన్ల పోయి ఏరినం, మాకు ఎవలు ఎదురు రావాలె అనే లెక్క ఆమె నోట్లనే ఉంటది. మంచం మీదికెల్లి ఫోన్లు చేసి ఏడుగురిని చేనుకు పంపింది. నేను వారం తిరిగినా ముగ్గురు దొరకకపోదురు.

ఇగ అమ్ముడు. 2025-26 సీజన్ల సీసీఐ మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు ఉండె. తేమ 12 శాతం దాటితే కొనరు. కపాస్ కిసాన్ యాప్‌ల నాకు దొరికిన స్లాట్, ఆపరేషన్ తారీఖు ఒక్కరోజే వచ్చినయి. స్లాట్ రద్దు చేసుకున్న. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ ఇస్తది గాని కారు కిరాయి, రూము, నా తిండి అది ఇయ్యదు. ఐదు క్వింటాళ్లు ఊళ్లె వ్యాపారికి 1,200 తక్కువకు ఇచ్చిన. 6,000 పోయినయి. తక్కినదంతా ఇంట్ల ఆరబోయించిన.

ఆరు వారాలు కాలు నేలకు ఆనియ్యొద్దన్నరు. అటెంక ఎక్స్‌రే. చేన్ల వంగి పని చేసుడంటే ఇంకా నెలలు పడ్తది. అందుకే ఈ యాసంగికి వరి వద్దనుకున్నం. నాట్లు, కలుపు ఆమె దగ్గరుండి చేయించే పని. ఒక ఎకరం మక్క వేస్త, ఒక ఎకరం బీడు పెడ్త. మక్కకు నీళ్లు, మందు నేనొక్కన్నే చూసుకోగల్త.

మీ ఇంట్ల ఇట్లాంటిది వస్తే:

ఆధార్, రేషన్ కార్డు, ఎక్స్‌రేలు ఒక్క కవర్ల పెట్టుకొని పోండ్రి. దవాఖానకు పోంగనే ఆరోగ్యమిత్రను కలువుండ్రి, ఆపరేషన్‌కు ముందే మంజూరు రావాలె.

ఇంటికాడ ఒక్కరికే పెత్తనం ఇయ్యుండ్రి. నలుగురికి చెప్తే నాలుగు తీర్లయితది.

ఫలానా రోజు వస్తమని కూలోళ్లకు, వ్యాపారికి మాట ఇయ్యకుండ్రి.

ఇంటామెకు పని లెక్కలు చెప్పకుండ దాయకుండ్రి. నొప్పిల ఉన్నదని నేను మొదటి రెండు రోజులు చెప్పలే. చెప్పినంకనే ఆమెకు నిద్రవట్టింది.

వచ్చే సోమవారానికి మళ్ల స్లాట్ దొరికింది. నిన్న పత్తి తేమ చూపిస్తే 10 వచ్చింది.