మేఘాల ఫ్యాక్టరీ మూతపడింది

ఎం1 రోడ్డు మీద నాటింగ్‌హామ్ దగ్గరకు రాగానే మా పిల్లలు "మేఘాల ఫ్యాక్టరీ!" అని అరిచేవారు. అది రాట్‌క్లిఫ్ విద్యుత్ కేంద్రం. ఆ ఎనిమిది కూలింగ్ టవర్ల నుంచి వచ్చేది నీటి ఆవిరే. అసలు పొగ పక్కనున్న పొడవాటి చిమ్నీలోంచి పోయేది.

1882లో లండన్‌లో మొదలైన బ్రిటన్ బొగ్గు కరెంటు 2024 సెప్టెంబర్ 30న ఇక్కడే ఆగిపోయింది. మరుసటి నెల పక్కనే ఉన్న పార్క్‌వే స్టేషన్‌లో దిగి చూశాం. టవర్ల మీద ఒక్క మబ్బు కూడా లేదు.

"మరి మనకి కరెంటెలా నాన్నా?" అంది మా అమ్మాయి. ఉత్తర సముద్రంలోని హార్న్‌సీ-2 గురించి చెప్పాను. 165 గాలిమరలు, 1,300 మెగావాట్ల పైచిలుకు. ఇంధనం కొనక్కర్లేదు, బూడిద ఉండదు.

"గాలి రాకపోతే?"

గడుసుది! అప్పుడు గ్యాసు మండించక తప్పదు, బ్యాటరీలు కొద్ది గంటలకే సరిపోతాయి. రాట్‌క్లిఫ్ తన 2,000 మెగావాట్లు గాలితో, ఎండతో పని లేకుండా ఇచ్చేది. బదులుగా ఆకాశంలోకి కార్బన్ వదిలేది.

అయినా నాకు బొగ్గును తిట్టబుద్ధి కాదు. మా నాన్నగారు సింగరేణి కార్మికులు. నా చదువంతా ఆ జీతంతోనే.

"తాతయ్య వాళ్ల ఊరి దగ్గరది కూడా ఆపేస్తారా?" అని మళ్లీ ప్రశ్న. ఇప్పట్లో కాదన్నాను. కానీ రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. వచ్చే సెలవుల్లో తాతయ్యను కూడా తీసుకెళ్లి చూద్దామనుకున్నాం.