చెరిపేసే ముందు చూడాల్సింది

పాత పేజీ వస్తోందని ఎవరు పిలిచినా ‘హిస్టరీ మొత్తం క్లియర్ చేయండి’ అనేవాణ్ణి. చాలాసార్లు సరిపోయేది. అసలు పనిచేయకపోయి ఉంటే చాలా ముందే దారిలో పడేవాణ్ణి.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. శ్రీసిటీ పారిశ్రామికవాడ విస్తరించిన మండలాల్లో సత్యవేడు, వరదయ్యపాళెం చిత్తూరు నుంచి, తడ నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అక్కడ నేను కంప్యూటర్లు చూసుకునే ఫ్యాక్టరీలో డెలివరీ చలాన్లకు చిరునామా అందించే లోపలి వెబ్ పేజీని మార్చాం. నా సిస్టంలో కొత్తది కనబడింది. పని అయిపోయిందనుకున్నాను.

డిస్పాచ్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. “ఇంకా చిత్తూరు జిల్లా అనే వస్తా ఉంది సార్. పక్క సిస్టంలో గూడా అంతే.”

రెండో మాట నేను చెవిన పెట్టలేదు. వెళ్లి, ఆమె బ్రౌజర్లో కనబడిన ప్రతి గడికీ టిక్కు పెట్టి చెరిపేశాను. పాత పేజీ పోలేదు, ఆమె దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోయాయి. గేటు దగ్గర లారీ ఆగి ఉంటే, ఆమె ఒక్కో లాగిన్ తిరిగి తెరుచుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నానికి కొత్త పేజీ వచ్చింది. నా మందే పనిచేసిందని రిజిస్టర్లో రాసేశాను.

కొన్నాళ్లకు అదే పేజీలో మరో మార్పు చేస్తే అదే ఫిర్యాదు. ఈసారి ఏదీ చెరపకుండా ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో సర్వర్ జవాబు చదివాను. అందులో ‘ఏజ్’ అనే వరుస ఉంది. మధ్యలో దాచిన నకలుకు ఎన్ని సెకన్ల వయసో చెప్పే అంకె అది. దాచింది సిస్టంలకూ సర్వర్‌కూ మధ్య ఉండే మా స్క్విడ్ ప్రాక్సీ. నెట్ కొరతగా ఉన్న రోజుల్లో, పేజీని మళ్లీ తాజాగా తెమ్మని ఎవరు కంట్రోల్-ఎఫ్5 కొట్టినా పట్టించుకోవద్దని అందులో ‘ఇగ్నోర్-రీలోడ్’ పెట్టింది నేనే. అది హెచ్‌టీటీపీ ప్రమాణానికి విరుద్ధమని స్క్విడ్ వాళ్ల వివరణలోనే ఉంది. నా సిస్టం ప్రాక్సీ గుండా వెళ్లదు కాబట్టి నాకెప్పుడూ కొత్తదే కనబడేది. ఆ మధ్యాహ్నం పేజీని మార్చింది నా మందు కాదు. నకలుకు గడువు తీరిందంతే.

ఇప్పుడు చెరపడం చివరి పని. ముందు పక్క సిస్టంలో చూస్తాను. అక్కడ కొత్తది వస్తే అనుమానం ఈ బ్రౌజర్ మీదే. ఇన్‌కాగ్నిటో విండోలో తెరిస్తే తేలిపోతుంది, అప్పుడు క్యాష్ ఫైళ్లు ఒక్కటే తీసేస్తే చాలు. అన్నిచోట్లా పాతదే అయితే చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అంకె చేరుస్తాను. ప్రాక్సీకి అది కొత్త చిరునామా, కాబట్టి సర్వర్ దాకా వెళ్లక తప్పదు. అలా కొత్త పేజీ వస్తే లోపం మధ్యలోని ప్రాక్సీలో ఉన్నట్టు. సైటును వేరే సర్వర్‌కు మార్చిన తర్వాతే ఫిర్యాదు మొదలైతే, సైటు పేరుకు పాత సర్వర్ చిరునామానే గుర్తుపెట్టుకుందేమోనని డీఎన్ఎస్ క్యాష్ చూస్తాను.

లోపలి సర్వర్‌కు మధ్యలో ప్రాక్సీ లేకుండా చేశాం. వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ను అడగమని పేజీకి ‘నో-క్యాష్’ చేర్చాం. రిజిస్టర్లో ‘పరిష్కారమైంది’ అన్న గడి పక్కన ‘కారణం’ అని ఇంకో గడి గీశాను. అది నిండనిదే మొదటిదాన్ని నింపడం లేదు.