పిడికెడు ఇసుక

ఆఫీసుకి సెలవు పెట్టి, అమ్మకి మాత్రం ఆఫీసు పనే అని చెప్పి రామేశ్వరం వచ్చాను. సోలో ట్రిప్ అంటే కంగారు పడుతుందని కాదు. నాన్నతో కాశీ, రామేశ్వరం వెళ్లాలని ఏళ్లతరబడి అనుకుని, ఆయన పోయాక ఆ మాటే ఎత్తని మనిషి. ఇక్కడికి నేనొక్కణ్ణే వెళ్తున్నానని ఎలా చెప్పను?

చివరి రోజు ధనుష్కోడి బస్సెక్కాను. 1964 డిసెంబరు తుఫానుకి ప్రయాణికులతో సహా రైలే కొట్టుకుపోయిన ఊరు. కప్పులేని చర్చి గోడల దగ్గర గవ్వలమ్మే ఆవిడ "తనియా?" అంది. ఒంటరిగానా అని. నాలుగు రోజులుగా ఇన్‌స్టాలో గొప్పగా రాసుకుంటున్న మాటే. ఆవిడ నోట జాలిగా వినిపించింది.

అరిచల్‌మునైలో రోడ్డు అయిపోతుంది, అటూ ఇటూ సముద్రం. సిగ్నల్ వచ్చీ పోతూ ఉంది. అమ్మ ఫోన్.

"ఏంట్రా ఆ హోరు?"

చెప్పేశాను. కాసేపు అటునుంచి ఏం వినబడలేదు. కట్ అయిందేమో అనుకున్నా.

"సేతువు దగ్గరున్నావా? అక్కడి ఇసుక తీసుకెళ్లి గంగలో కలపాలి. పిడికెడు పట్రా."

కలిపేదెవరో అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. బాటిల్లో నీళ్లు పారబోసి, మోకాళ్ల మీద కూర్చున్నాను. తడి ఇసుక, సన్నటి మూతి. ఓ పట్టాన దిగదు.