ముస్తఫా పెట్టె

సెజ్‌లో పనికని పాడేరు కొండల నుంచి అచ్యుతాపురం దిగొచ్చిన అన్నదమ్ములం. మా అద్దింటి వరండాలో పాత వీడియోగేమ్ పెట్టె ఉంది. పాత ఇనుము కొట్టులో తూకానికి పగలగొట్టబోతుంటే కొన్నాం.

చెదపట్టిన అడుగుపలక మార్చడం తేలికే. చెక్కపని ఇంట్లో చూసిందే. భయమల్లా పిక్చర్ ట్యూబుతోనే. ప్లగ్ పీకేసినా అందులో వేల వోల్టుల చార్జి నిలిచి ఉంటుంది. దాన్ని ఎర్త్‌కి దించాకే చెయ్యి పెట్టాలి. టీవీ మెకానిక్ పక్కన నిలబడి నేర్చుకున్నాం. ఆ తర్వాతే ఉబ్బిన కెపాసిటర్లు మార్చాం.

ఆట 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. ఆ పేరు మన దగ్గర ఎవరు పలికారు? నలుగురు వీరుల్లో పసుపు టోపీ పెట్టుకున్న నల్లవాడు ముస్తఫా. పిల్లలు ఆటకే అతని పేరు పెట్టేశారు. మాకూ అతనే కావాలి, అందుకే రోజూ తగువు.

రెండో జాయ్‌స్టిక్ ఇంకా ఎడమకి తిరగడం లేదు.