సోషల్ సారు ఆల్ప్స్ ప్రయాణం

ఆయన ఆల్ప్స్ పర్వతాలను వందసార్లు గీసి ఉంటారు. అన్నీ నల్లబల్ల మీద, సుద్దముక్కతోనే. చొప్పదండి చుట్టుపక్కల బడుల్లో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పారు. యూరప్ పటం వేసి, ఇటలీ నెత్తి మీద నెలవంకలా ఓ వంపు గీత తిప్పి, ‘ఇవి ముడుత పర్వతాలు’ అనేవారు. ‘మీరు చూసిన్రా సారూ?’ అని ఏటా ఎవరో ఒక పిల్లాడు అడిగేవాడు. సారు నవ్వి డస్టర్ అందుకునేవారు.

రిటైరయ్యాక ఓ సంక్రాంతికి మ్యూనిక్ నుంచి కూతురు ఫోన్ చేసింది. ‘బాపూ, ఏప్రిల్‌ల మీరిద్దరు రాండ్రి. కొంత దూరం కార్ల, కొంత దూరం రైల్ల పోయి ఆల్ప్స్ చూసొద్దాం’ అంది.

ఆ రాత్రే సారు కొత్త నోట్‌బుక్ తెరిచి మార్జిన్ కొట్టారు. పది రోజులు, తొమ్మిది ఊళ్లు. అన్నిటికన్నా పైన, ఎర్ర సిరాతో యుంగ్‌ఫ్రౌయోఖ్. 3,454 మీటర్ల ఎత్తులో ఉన్న స్టేషన్ అది. యూరప్‌లో అంతకన్నా ఎత్తైన రైల్వేస్టేషన్ లేదు. కొండ కడుపు తొలిచి 1912లోనే అక్కడిదాకా పట్టాలు వేశారు. మన పెద్దపల్లి-నిజామాబాద్ లైనుకు 1993లో పునాదిరాయి పడితే, పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. ఆ రైలు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన మనిషికి ఈ సంగతి అబ్బురంగా ఉండదూ!

పటంలో లేని సంగతి

మొదటి కొట్టివేత అల్లుడి వల్ల జరిగింది. సారు దావోస్ నుంచి ఫ్లుయెలా కనుమ మీదుగా కార్లో వెళ్లాలని రాసుకున్నారు. ‘మామయ్యా, ఆ దారి మంచుతో మూసుకుపోయి ఉంటుంది. మామూలుగా మే నెల వచ్చేదాకా తెరవరు’ అన్నాడు అల్లుడు. సారు కాసేపు మాట్లాడలేదు. పటం మీద దారి ఏడాది పొడవునా ఒకేలా కనిపిస్తుంది మరి!

వసంతంలో ఆల్ప్స్‌కు వెళ్లాలనుకునేవారు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. లోయల్లో చెట్లు పూస్తుంటాయి, పైన కనుమలు మాత్రం ఇంకా మంచు కిందే ఉంటాయి. స్కీయింగ్ ముగిసి, వేసవి జనం ఇంకా రాని ఆ సందులో చాలా రోప్‌వేలను మరమ్మతుల కోసం ఆపేస్తారు. ఏది నడుస్తుందో, ఏది నడవదో చూసుకున్నాకే హోటల్ గది తీసుకోవాలి.

దారి మూసుకుంటే మరో మార్గం ఉంది. క్లోస్టర్స్ దగ్గర కారును ఏకంగా రైలెక్కిస్తారు. మనం దిగక్కర్లేదు, కార్లోనే కూర్చోవచ్చు. 1999లో తెరిచిన వెరైనా సొరంగం గుండా 19 కిలోమీటర్లు దాటి, దాదాపు 18 నిమిషాల్లో కొండకు అవతల దిగొచ్చు. ‘రైల్ల కారు, కార్ల మనమా!’ అని సారు భార్య నోరు నొక్కుకుంది.

ఎర్ర సిరా గీత

రెండో కొట్టివేత అంత తేలిగ్గా జరగలేదు. రెండేళ్ల కిందట ఆమెకు గుండెకు స్టెంటు వేశారు. కరీంనగర్‌లో డాక్టర్‌ను అడిగితే, ‘విమానం ఎక్కొచ్చు. ఆ పై స్టేషన్ మాత్రం వద్దు’ అన్నారు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే ఉంటుంది.

‘మీరు పోయి రాండ్రి. నేను బిడ్డతోని కిందనే ఉంట’ అంది ఆమె, ఏమీ కానట్టే.

ఆ మాట సారును రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఏటా పిల్లల్ని నాగార్జునసాగర్‌కు ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లేవారాయన. తెల్లవారుజామున లేచి పులిహోర పొట్లాలు కట్టేది ఆమె. ఒక్కసారి కూడా బస్సెక్కలేదు. ‘నువ్వు కూడ రా’ అని తానెప్పుడైనా అన్నారా అని ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

తెల్లారి లేచి ఆ ఎర్ర అక్షరాల మీద తానే గీత కొట్టేశారు. దాని స్థానంలో బెర్నినా రైలు రాశారు. స్విట్జర్లాండ్‌లోని కూర్ నుంచి ఇటలీలోని టిరానో దాకా నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. 55 సొరంగాలు, 196 వంతెనలు. ఈ దారిని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైలు చేరే అత్యధిక ఎత్తు 2,253 మీటర్లు. డాక్టర్ దీనికి సరేనన్నారు. విమానం లోపలి గాలి కూడా ఇంచుమించు 2,400 మీటర్ల ఎత్తులో ఉండే గాలితో సమానమట. కొండ ఎక్కేది రైలు, ఆమె కిటికీ పక్కన కూర్చుంటే చాలు.

మిగిలింది అయిదు రోజులు

పది రోజులు అయిదయ్యాయి. తొమ్మిది ఊళ్లు రెండయ్యాయి. మ్యూనిక్ నుంచి కార్లో కూర్‌కు, అక్కడే మూడు రాత్రులు. అందులో ఒక రోజు రైలుకు. తర్వాత కారును రైలెక్కించి ఎంగడీన్ లోయకు, అక్కడ ఓ రాత్రి. ఆ పైన ఇన్ నది వెంట ఆస్ట్రియా మీదుగా తిరిగి మ్యూనిక్. రెండు దేశాల హైవేలకూ ముందే టోల్ స్టిక్కర్ కొనుక్కోవాలి. నాలుగు దేశాల్లో ఉండేది కూతురింట్లోనే ఎక్కువ రోజులు కాబట్టి, జర్మనీ వీసా తీసుకుంటే మిగతా చోట్లకూ చెల్లుతుంది. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. స్టెంటు సంగతి దాచకుండా చెప్పి మరీ పాలసీ తీసుకున్నారు సారు.

ఇక సామాను. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి యూరప్‌లోకి రానివ్వరని కూతురు ముందే చెప్పింది. సకినాల డబ్బా ఒక్కటి సూట్‌కేసులోకి చేరింది. ఈసారి సర్దుతున్నది ఒక్కరి ప్రయాణానికి కాదు.

‘గా బెర్నినా రైల్ల కిటికీ పక్క సీటెవ్వలిది?’ అని అడిగింది ఆమె.

సారు నోట్‌బుక్ తిప్పి చూపించారు. అక్కడ అప్పటికే ఆమె పేరు రాసి ఉంది, ఎర్ర సిరాతో.