రాత్రయితే గుంజే కాళ్లు

బీడీలు చేసే ఇళ్లున్న మెట్‌పల్లి వాడల్లో పొద్దుగూకాక వినబడే మాట ఒకటుంది: "కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా, జర ఒత్తు." పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టిన మనిషికి కాళ్లు గుంజకుండా ఉంటాయా అనుకుంటాం. చాలామంది విషయంలో అది నిజమే.

మా వాడకట్టు పెద్దమ్మది మాత్రం వేరే బాధ. తిరుగుతూ పని చేసుకుంటున్నంతసేపు ఏమీ ఉండేది కాదు. మంచం మీద నడుం వాల్చగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు మొదలయ్యేది. లేచి వాకిట్లో నాలుగడుగులు వేస్తే హాయి, పడుకుంటే మళ్లీ అదే. పాత చీర పేలికలు పిక్కలకు బిగించి కట్టుకునేది. ఆరెంపీ దగ్గర బలానికి సూది, నొప్పులకు గోలీలు వాడుతూనే ఏండ్లు గడిపింది. "వట్టి మనాది" అన్నారు ఇంట్లోవాళ్లు.

ఆ మాట చాలా అన్యాయం. ఈ జబ్బును 1672లోనే ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ రాసిపెట్టాడు. 1945లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఎక్‌బోమ్ వివరంగా వర్ణించి పేరు పెట్టాడు: రెస్ట్‌లెస్ లెగ్స్. కాళ్లు కదపాలని ఆపుకోలేనంతగా అనిపించడం, ఊరికే ఉంటే పెరగడం, కదిపితే తగ్గడం, సాయంత్రం నుంచి ఎక్కువవడం దీని గుర్తులు. రాత్రంతా కూర్చోవాల్సిన బొంబాయి బస్సు, గల్ఫ్ విమానం వీళ్లకు నరకమే.

మెదడులో ఐరన్ తగ్గడం దీనికి ఒక ముఖ్య కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయితే హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు. అది తెలిసేది ఫెరిటిన్ పరీక్షతో. ఈ జబ్బున్న పెద్దవాళ్లలో అది 75 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే, ల్యాబు కాగితం మీద నార్మల్ అని ఉన్నా డాక్టర్లు ఐరన్ ఇస్తారు. పెద్దమ్మకు ఐరన్ గోలీలు ఇచ్చారు గానీ, మొదట్లో ఆమె వాటిని చాయ్‌తో మింగేది. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు కంటినిండా నిద్రపోయింది. పరీక్ష లేకుండా మాత్రం ఎవరూ ఐరన్ మింగొద్దు. థలసీమియా లాంటివి ఉంటే అది ఒంట్లో పేరుకుపోతుంది.

ఐరన్‌తో తగ్గనివాళ్లకు ఇప్పుడు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ముందుగా ఇస్తున్నారు. ప్రామిపెక్సోల్ వంటివి మొదట్లో అద్భుతంగా పనిచేసినా, ఏండ్ల తరబడి వాడితే కొందరికి బాధ పగటిపూటే మొదలై చేతులకూ పాకుతుంది. నిద్ర తెప్పించే జలుబు గోలీలు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా దీన్ని పెంచుతాయి. వాడే మందులన్నీ డాక్టరుకు చూపించాలి, సొంతంగా ఆపేయకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లూ, గర్భిణులూ మరీ జాగ్రత్తగా ఉండాలి.

మీ అమ్మో అత్తమ్మో రాత్రిపూట కాళ్లు ఒత్తమంటే ఒత్తండి. తెల్లారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఫెరిటిన్ పరీక్ష రాయమని అడగండి.