జీరో బిల్లు, బస్తా బూడిద

ఏ వస్తువుకైనా రెండు ఖర్చులుంటాయి. ఒకటి కొన్నవాళ్లు దుకాణంలో కట్టేది. రెండోది ఆ వస్తువు తయారైన చోట నేల, నీళ్లు, గాలి మోసేది; అది ఏ రసీదులోనూ కనిపించదు. చాలా ఊళ్లకు ఈ రెండో ఖర్చు ఎక్కడో దూరాన ఉంటుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మాత్రం బొగ్గు, కరెంటు, సిమెంటు, గ్రానైటు, పత్తి, కాగితం అన్నీ ఉన్నాయి కాబట్టి బస్సు కిటికీలోంచే కనబడుతుంది.

వంటగట్టుకు వేసే ‘టాన్ బ్రౌన్’ రాయి కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలదే. చదరపు అడుగు ధరలో కోత, పాలిష్, రవాణా ఉంటాయి. మాయమైన గుట్ట ఉండదు, అక్కడ నీడ పోయి ఊళ్ల మీదికి వచ్చే ఎలుగుబంటి ఉండదు. అయితే గ్రానైటు ఒకసారి వేస్తే రెండు తరాలకు సరిపోతుంది. రంగు పాతబడిందని పదేళ్లకే పీకించడమే దుబారా.

బట్టల లెక్క ఇంతకంటే చిక్కు. ఒక పత్తి టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ప్రపంచమంతటా చెబుతారు. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి ఎక్కువగా వానల మీదే పండుతుంది కనుక ఆ అంకెను ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం సరికాదు. ఇక్కడి భారం మందులది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలిచే పురుగుల మందు తగ్గింది. గులాబీ పురుగు బీటీకి అలవాటు పడ్డాక, రసం పీల్చే పురుగులు పెరిగాక పిచికారీ మళ్లీ మొదటికొచ్చింది. కొనేవాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటే: 600 రూపాయల చొక్కా 20 సార్లకే వెలిసిపోతే వేసుకున్న ప్రతిసారీ 30 రూపాయలు, 1,200ది వందసార్లు నిలిస్తే 12. జేబుకూ చేనుకూ రెండోదే చవక.

అన్నిటికన్నా పెద్ద లెక్క కరెంటుది. రామగుండం ఎన్టీపీసీలో 1983లో ఉత్పత్తి మొదలై సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. తరువాత పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. పావుకిలో బూడిద మిగులుతుంది, కిలోకు కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటి వాటా 140 కిలోల బొగ్గు, దాదాపు 50 కిలోల బూడిద, అంటే ఒక సిమెంటు బస్తా. కొంత బూడిద నిజంగానే సిమెంటులోకి, ఇటుకల్లోకి పోతుంది. మిగతాది కుందనపల్లి బూడిద చెరువుకు చేరుతుంది. ఎండాకాలం గాలి లేస్తే చుట్టుపక్కల దండెం మీది బట్టలపై, వాకిట్లో బోర్లించిన గిన్నెలపై సన్నటి బూడిద పొర పడుతుంది. ఇక బొగ్గు తీసే ఓపెన్‌కాస్టుల దగ్గర గుట్టలుగా పోసిన మట్టి, పేలుళ్లకు నెర్రెలిచ్చిన గోడలు, ఎండిన బావులు సరేసరి. ఈ కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంది. బూడిద మాత్రం ఇక్కడే ఉంటుంది.

బిల్లులో ఇవేవీ లేవు. 2024లో వచ్చిన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు అసలు బిల్లే సున్నా. పేదింటికి ఆ ఊరట అవసరమే, కానీ 200 లోపు పొదుపుకు ఉన్న ఒక్క కారణమూ దాంతో పోయింది. అసలు మెలిక 201వ యూనిట్ దగ్గర ఉంది. 2022 టారిఫ్ ప్రకారం పథకం లేని ఇంటికి 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820 రూపాయలు; ఒక్క యూనిట్ దాటితే స్లాబు మారి దాదాపు 1,028. పథకం ఉన్న ఇల్లు దాటితే సున్నా నుంచి నేరుగా అక్కడికే.

ఆ గీత దాటించేది సాధారణంగా ఏసీ. టన్నున్నర ఏసీ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది పది యూనిట్లు, అంటే నెలకు అదొక్కటే 240 పైన. కూలర్‌కు రోజుకు రెండు యూనిట్లు కూడా పట్టవు; ఇక్కడి పొడి ఎండకు అది బాగానే పనిచేస్తుంది, వాన పడ్డాకే ఉక్క. నీళ్లకు కటకటగా ఉన్న వాడల్లో దానికి రోజూ బిందెలు పోయడమూ ఖర్చే.

ఈ వ్యాసకర్త ఇంట్లో ముందు మార్చింది ఫ్యాన్లను. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాన్ 30. రోజుకు 12 గంటలు తిరిగితే ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు 4.80 చొప్పున 77 రూపాయలు. ధరలో 1,400 తేడా ఉన్నా రెండేళ్లలోపు తిరిగొస్తుంది. నాలుగు కిలోల బూడిద కూడా నెలనెలా తగ్గుతుంది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి. కొనేముందు రెక్కల రంగు కాదు, డబ్బా మీది వాట్ల అంకె చూడండి.